నలభై ఒకటో నంబరు సంతోషం

ఆ ఆస్పత్రి లాండ్రీలో పొద్దున్న పని మొదలయ్యేది యంత్రాల దగ్గర కాదు, గుమ్మం పక్కన గోడకి బిగించిన టాబ్లెట్ దగ్గర. పనివాళ్ళు దాన్ని పలక అనేవారు. ఆ పలక మీద అయిదు మొహాలు వరసగా ఉంటాయి. ఏడ్చేది, ముడుచుకున్నది, ఎటూ కానిది, చిరునవ్వు, చివరన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది. ఎవరి నంబరు వాళ్ళు కొట్టి, ఆ పూట మనసు ఎలా ఉందో చూసుకుని ఒక మొహం నొక్కాలి. నొక్కి ఊరుకుంటే చాలదు, ఎందుకలా ఉందో కింద సొంత మాటల్లో రాయాలి. రాస్తేనే హాజరు పడుతుంది. నిన్న రాసిన మాటే ఇవాళా రాస్తే పలక ఒప్పుకోదు. మనసు రోజుకో రకంగా ఉంటుందని దాన్ని తయారు చేసినవాడికి ఎవరో చెప్పి ఉంటారు.

ఆ సోమవారం గుమస్తా తన నంబరు కొట్టి నాలుగో మొహం నొక్కి, ‘బాగానే ఉంది’ అని రాసింది. శనివారం ‘బాగుంది’ అని రాసింది కాబట్టి ఇవాళ్టికి ‘బాగానే’ సరిపోయింది. గుమస్తా అన్నది ఆమె ఉద్యోగం కాదు. రోలరు అవతల నిలబడి, ఇస్త్రీ అయి వచ్చే దుప్పట్లు అందుకుని మడతపెట్టడం ఆమె పని. కానీ లాండ్రీలో ఎవరికి సెలవు చీటీ కావాలన్నా, ఎవరి పిల్లల బడికి అర్జీ పెట్టాలన్నా రాసిపెట్టేది ఆమే. అలా ఆ పేరు పడిపోయింది. ఇంత రాత ఉన్న మనిషి తన పేరు మీద మాత్రం ‘బాగుంది’ దాటి ఎన్నడూ రాయలేదు. ఇంటి సంగతులు ఆఫీసువాళ్ళ నోట్లో పడటం ఆమెకి ఇష్టం ఉండదు.

ఆమె పక్కకి తప్పుకునేలోపే వెనక నుంచి పెద్దక్క వచ్చి భుజం మీద గడ్డం ఆనించింది. పెద్దక్క రోలరు ఇవతల నిలబడి బట్టలు పెట్టే మనిషి. ముప్పై ఏళ్ళుగా అదే చోటు. ఇంకో పదకొండు నెలల్లో పదవీ విరమణ.

“నాది కూడా నొక్కెయ్యవే. ఆ పళ్ళికిలించే మొహమే నొక్కు” అంది పెద్దక్క.

“మొహం చూస్తే అలా లేదు అక్కా.”

“మొహం సంగతి మొహానికి తెలుసు. నిలబడే నిద్రపోతున్నా. నువ్వు నొక్కు.”

పెద్దక్కకి చదువు రాక కాదు. వార్డుల పేర్లు, లెక్కలు అన్నీ ఆమే చదువుకునేది. కానీ సోడా నీళ్ళలో నాని, వేడి బట్టలు పట్టీ పట్టీ ఆమె వేళ్ళ కొసలు గాజులా నున్నగా అరిగిపోయాయి. పలక ఆ వేళ్ళని గుర్తుపట్టదు. ఎంత నొక్కినా తెర ఉలకదు, పలకదు. మొదటి రోజు వెనక పాతికమంది నిలబడి ఉండగా పెద్దక్క పది నిమిషాలు తంటాలు పడింది. అప్పటి నుంచి నలభై ఒకటో నంబరు గుమస్తా చేతిలోకి వచ్చింది.

మొదటి వారంలో గుమస్తా నిజమే రాసింది. రెండో మొహం నొక్కి, ‘నడుము నొప్పి, నిద్ర చాలలేదు’ అని పెద్దక్క చెప్పినట్టే పెట్టింది. గంట తిరక్కుండా పెద్దక్కని విశ్రాంతి పేరుతో ఇంటికి పంపేశారు. అలా మూడుసార్లు విశ్రాంతి పడితే పనికి తగనివాళ్ళ జాబితాలోకి పేరు ఎక్కుతుందని కూడా చెప్పారు. ఆ తర్వాత రెండో పూట రోలరు మీద ఉండేవాడు మానేశాడు. కొత్తవాడు వచ్చేదాకా పెద్దక్కనే రెండు పూటలూ చెయ్యమన్నారు. అయిదో మొహం పడ్డవాళ్ళకి తప్ప పలక రెండో పూట ఇవ్వదు. అయిదో మొహానికి ‘బాగుంది’ సరిపోదు, అంత నవ్వు ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పాలి.

“నలభై ఒకటికి అయిదు పడిందా?” అని అటు వెళుతూ సూపర్‌వైజరు అడిగాడు. రోజూ అడిగేదే. పడుతోంది సార్ అని గుమస్తా రోజూ చెప్పేదే చెప్పి, మొహాల కింద కారణం రాసే గీత మీద వేలు పెట్టింది.

ఏం రాయాలి. పదహారు రోజులుగా రోజుకి రెండు పూటలు చేస్తున్న మనిషికి ఎక్కణ్ణుంచి తెస్తుంది సంతోషం. మొదట్లో గాలి బాగుందనీ ఎండ తగ్గిందనీ రాసింది. అవి నాలుగు రోజులకే అయిపోయాయి. ఆ తర్వాత తన ఇంట్లోవి తీసి పెట్టడం మొదలుపెట్టింది. తన పేరు మీద రాయడానికి మనసొప్పని సంగతులు ఇంకొకరి పేరు మీద తేలిగ్గా వచ్చేవి. ఆ పొద్దున్న కూడా ఆట్టే ఆలోచించకుండానే రాసేసింది. ‘నిన్న మా అమ్మాయి ఊగే పన్ను తనే పీక్కుని అరచేతిలో పెట్టుకుని వచ్చింది. ఒకటే నవ్వుకున్నాం, రాత్రి హాయిగా నిద్రపట్టింది.’

పలక టింగుమంది. ఏం రాశావని పెద్దక్క ఎప్పుడూ అడగలేదు, ఆ రోజూ అడగలేదు. అప్రాన్ కట్టుకుంటూ రోలరు వైపు నడిచింది.

దుప్పటి అయితే ఇద్దరు చెరో అంచు పట్టుకుని లాగి పెట్టాలి. దిండు గలీబులకి ఒక్క మనిషి చాలు. తడి గలీబుని రెండు చేతులతో విదిలించి, మూలలు సరిచేసి, తిరుగుతున్న రోలరుకి అందించి వదిలెయ్యాలి. వదలడంలోనే ఉంది పనితనం. తొందరగా వదిలితే ముడత పడుతుంది, ఆలస్యమైతే చెయ్యి కాలుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న క్షణం పెద్దక్క చేతులకి ముప్పై ఏళ్ళుగా తెలుసు. అవతల గుమస్తా వేడివేడిగా వచ్చే గలీబుని అందుకుని, మూడు మడతలు పెట్టి, పాతికకో కట్ట కట్టి ట్రాలీలో వేస్తోంది.

పదకొండింటప్పుడు రోలరు పైనుంచి చూస్తే పెద్దక్క కళ్ళు మూసుకుని కనిపించింది. చేతులు మాత్రం ఆడుతున్నాయి. విదిలించడం, సరిచెయ్యడం, అందించడం, వదలడం. గుమస్తా పిలవబోయింది. పోనీలే, ఒక్క రెప్పపాటు మూసుకోనీ అనుకుంది.

ఆ తర్వాతి గలీబుని పెద్దక్క అందించింది గానీ వదల్లేదు.

రోలరు ముందున్న ఎర్ర పట్టీకి మణికట్టు తగిలి యంత్రం ఆగింది. యంత్రం తన పని తను చేసింది. కానీ అప్పటికే నాలుగు వేళ్ళు లోపల ఉన్నాయి. పెద్దక్క అరవలేదు. కళ్ళు తెరిచి, చెయ్యి తనది కాదన్నట్టు చూసింది. ఎవరో చక్రం వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తీసేసరికి గుమస్తా చేతిలోని గలీబులన్నీ నేల మీద పడేసి ఆమె నడుము పట్టుకుని నిలబడి ఉంది. లాండ్రీ కాబట్టి గుడ్డలకి కొదవ లేదు. ఉతికి మడతపెట్టిన తెల్ల గుడ్డలు అందరూ తలా ఒకటి తెచ్చి ఇచ్చారు.

మంగళవారం పొద్దున్న పలక పక్కన కొత్త కాగితం అంటించి ఉంది. కొత్తదంటే కొత్తదేం కాదు, మొదటి రోజున అంటించినదానికే మళ్ళీ తీసిన నకలు. ఒకరి బదులు మరొకరు నమోదు చేస్తే ఉద్యోగం నుంచి తీసేస్తారని అందులో మూడో వాక్యం. ఆరు నెలలుగా కళ్ళ ముందే ఉన్న వాక్యం ఆ రోజు కొట్టొచ్చినట్టు కనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గుమస్తా తెలియకుండానే తన వేలు కొంగుకి తుడుచుకుంది.

నంబరు కొట్టి నాలుగో మొహం నొక్కింది. ‘బాగానే ఉంది’ అని రాసింది. నిన్నటి మాటే, వేరే రాయమని పలక అంది. ‘బాగుంది’ అని కొట్టబోతే చెయ్యి రాలేదు. వెనక వరస కదలాలని గొణుగుతోంది. చివరికి ‘పనికి వచ్చాను’ అని రాసింది. పలక ఒప్పుకుంది. అంతకంటే నిజం ఆ పూటకి ఆమె దగ్గర లేదు.

మధ్యాహ్నానికి ఆఫీసు కబురు లాండ్రీ అంతా తిరిగింది. సంక్షేమాధికారి నలభై ఒకటో నంబరు రాసినవన్నీ అచ్చు తీయించి చూశాడట. మనిషి రోజూ మహా ఆనందంగా ఉందట, కంటినిండా నిద్రపోతోందట, అలసట అన్న మాట ఒక్కచోట కూడా లేదట. రెండు పూటలూ ఇష్టపడే చేసిందన్నమాట. మరి చెయ్యి లోపలికి ఎందుకు పోయినట్టు? అజాగ్రత్త. అజాగ్రత్త అయితే పనిలో తగిలిన దెబ్బ కింద సెలవు రాదు, వైద్యం ఆస్పత్రి పెట్టుకోదు. చెయ్యి పనిచెయ్యని మనిషి రోలరుకి పనికిరాదు కాబట్టి పదకొండు నెలలు ముందే ఇంటికి పంపేస్తారు. శుక్రవారం విచారణ. ఎదురుగా ఉన్నది నువ్వే కాబట్టి సాక్షిగా నువ్వే రావాలి అని గుమస్తాకి చీటీ ఇచ్చారు.

చీటీ అందుకున్నాక ఆమె పెట్టిన కట్టల్లో ఒక దానిలో ఇరవై మూడు, ఒక దానిలో ఇరవై ఏడు గలీబులు పడ్డాయి. తొమ్మిదేళ్ళలో అలా ఎన్నడూ జరగలేదు. విప్పి మళ్ళీ కడుతుంటే సూపర్‌వైజరు అల్మరాల మధ్యకి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“విచారణలో చూసింది చెప్పు, చాలు. చెయ్యి లోపలికి పోయింది, నువ్వు చూశావు. పలక సంగతి నీకు తెలియదు, నాకు తెలియదు.”

“మీరు రోజూ అడిగేవారు కదా సార్, అయిదు పడిందా అని.”

“అడిగాను. ఎవరు నొక్కారని అడగలేదు. నీకు చిన్నపిల్ల ఉంది. ఇల్లు నీ ఒక్కదాని ఉద్యోగం మీదే నడుస్తోందని నాకు తెలుసు. నీ మంచికే చెప్తున్నా.”

మంచికే చెప్పాడు, అందులో అబద్ధం లేదు. అతని మంచి కూడా అందులోనే ఉంది, అంతే తేడా.  చెప్తే తన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తన రాతే పెద్దక్క మెడకి ఉరి అవుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ రెండూ తన చేత్తో తవ్వుకున్నవే.

బుధవారం భోజనం వేళలో ఆమె పైఅంతస్తులో కాలిన గాయాల వార్డుకి వెళ్ళింది. ఈ ఆస్పత్రిలో తొమ్మిదేళ్ళు పనిచేసినా వార్డులోకి రావడం అదే మొదటిసారి. దుప్పట్లు పైకి వెళ్ళేవి గానీ మనుషులు వెళ్ళేవాళ్ళు కాదు. పెద్దక్క కుడిచేతికి మోచేతిదాకా కట్టు. ఎడమచేత్తో దుప్పటి అంచు పట్టుకుని పరీక్షగా చూస్తోంది.

“ఈ మడత ఎవరిది? అంచు లోపలికి పోలేదు చూడు” అంది గుమస్తాని చూడగానే.

“కొత్తావిడది అక్కా. నీ చోట్లో పెట్టారు.”

“మూల పట్టుకోమని చెప్పు. నడుమ పట్టుకుంటే ఇలాగే ఏడుస్తుంది.”

నర్సు కాగితాల అట్టతో వచ్చి, రాత్రిళ్ళు దగ్గర ఉండటానికి ఎవరైనా వస్తారా, కొడుకులూ కూతుళ్ళూ ఉన్నారా అని అడిగింది. ఎవరూ లేరమ్మా అని పెద్దక్క చెప్పింది. ఇంటి నంబరు చెప్పినంత మామూలుగా చెప్పింది. నర్సు అదే రాసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట గుమస్తా ఎరగనిది కాదు. అయినా ఆ క్షణాన రోజూ పొద్దున్న పలక మీద తను రాసిన ‘మా అమ్మాయి’లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి ఆమె మొహం కాలిపోయింది. లేని మనిషికి ఉన్నట్టు రాసింది. మంచం మీద ఉన్న మనిషికి ఆ సంగతే తెలియదు.

“అక్కా, నేను రాసినవి…” అని మొదలుపెట్టింది.

“తెలుసు. వాటి మీదే విచారణట. సూపర్‌వైజరు వచ్చి వెళ్ళాడు” అని పెద్దక్క దుప్పటి అంచు వదిలేసింది. “విను. రాయమన్నది నేను. నా మాట మీద రాశావు. ఎవరడిగినా నేనే రాశానంటా. నువ్వు నోరు విప్పకు.”

“నిన్ను పంపించేస్తారు.”

“ఎలాగూ పదకొండు నెలలు. నువ్వు ఇంకా ఇరవై ఏళ్ళు మడతలు పెట్టాలి. ఇద్దరం మునగడం ఎందుకు?” కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళోకి సర్దుకుని, “నీకు పిల్ల ఉంది” అంది.

తను ఏం రాసిందో చెప్పాలని గుమస్తాకి నోటిదాకా వచ్చింది. సిగ్గు అడ్డొచ్చింది. చెప్పకుండానే మెట్లు దిగి వచ్చేసింది. దిగుతూ మెట్లు లెక్కపెట్టింది, ఎందుకో ఆమెకే తెలియదు.

గురువారం సాయంత్రం ఇంట్లో ఆమె అన్నీ భర్తకి చెప్పింది. అతను ఇళ్ళకి రంగులు వేసే మనిషి. పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు గడప మీద కూర్చుని గోళ్ళలో రంగు గీకుకుంటాడు. ఆ రోజు గీకుకుంటూనే అంతా విన్నాడు. పిల్ల అద్దం ముందు నోరు తెరిచి, ఊడిన పన్ను చోట నాలుక పెట్టి చూసుకుంటోంది. నాలుగు రోజులుగా దానికదే ఆట.

“చెప్పొద్దని నేనంటే మానేస్తావా?” అన్నాడతను చివరికి.

 కడిగిన పప్పులోనే ఆమె మళ్ళీ నీళ్ళు పోసి మళ్ళీ కడిగింది.

“మేస్త్రీ కనిపించాడులే. పెద్ద బిల్డింగు ఒకటి ఒప్పుకున్నాడట. రెండు నెలలు పనికి ఢోకా లేదన్నాడు.”

అలాంటి మాటలు అల్లడం ఆమెకి కొత్త కాదు. అందుకే వింటూనే పోల్చుకుంది. మేస్త్రీ కనిపించలేదు, బిల్డింగూ లేదు. తను రోజూ పెద్దక్క కోసం రాసినట్టే, అతను తన కోసం అప్పటికప్పుడు రెండు వాక్యాలు రాసి పెట్టాడు. ఆమె పప్పు పొయ్యి మీదికి ఎక్కించింది. మంచిదేగా అంది.

శుక్రవారం పది గంటలకి సంక్షేమాధికారి గదికి పిలిచారు. అధికారి చెడ్డవాడేం కాదు. అందరికీ కుర్చీలు వేయించాడు, పెద్దక్కని చక్రాల కుర్చీలో తెస్తే తనే లేచి తలుపు పట్టుకున్నాడు, ఏసీ గాలి ఎక్కువైతే చెప్పమన్నాడు. సూపర్‌వైజరు గోడ పక్క కుర్చీలో కూర్చుని తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. బల్ల మీద రెండు కట్టలున్నాయి. ఒకటి పెద్దక్క ఉద్యోగపు ఫైలు, అట్ట పాతబడి అంచులు చిరిగింది. రెండోది అప్పుడే అచ్చు తీసిన తెల్ల కాగితాలు. గుమస్తా చూపు ఆ తెల్ల కాగితాల మీద నుంచి కదల్లేదు. తన అక్షరాలు ఇంత లావుగా, ఇంత నల్లగా బయటికి వస్తాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“అమ్మా, మీరు బాధలో ఉన్నారు. తొందరగా ముగిద్దాం” అన్నాడు అధికారి. “ఈ నోట్సు మీరే రాశారా?”

“నేనే రాశాను సార్” అంది పెద్దక్క.

“చదువుతాను, వినండి. నాలుగో తేదీ, అయిదో మొహం. ‘మా అమ్మాయి సైకిలు మీద ఎవరూ పట్టుకోకుండా వీధి చివరిదాకా వెళ్ళింది. వెనక పరిగెత్తలేక నిలబడిపోయాను, నేనే తొక్కినంత సంతోషంగా ఉంది.’”

పెద్దక్క తల అంతదాకా వంచుకునే ఉంది. ఆ మాటలకి మెల్లగా తలెత్తింది. అధికారి వైపు కాదు, గుమస్తా వైపు చూసింది. గుమస్తా చేతులు ఒళ్ళో లేని గుడ్డని మడతపెడుతున్నాయి.

“ఏడో తేదీ. ‘ఇంట్లో గోడలకి మేమే రంగు వేసుకున్నాం, పచ్చ రంగు. గదిలో కూర్చుంటే లేవబుద్ధి కాలేదు.’ పదకొండో తేదీ. ‘తలుపు బార్లా తీసి వాన చూస్తూ ముగ్గురం తిన్నాం. చాలా రోజులకి కడుపునిండా నవ్వాను.’” అధికారి కళ్ళజోడు సర్దుకుని నవ్వాడు. “నిజం చెప్పాలంటే మొత్తం లాండ్రీలో ఇంత చక్కగా రాసింది మీరొక్కరేనమ్మా. మిగతావాళ్ళంతా బాగుంది, బాగుంది. ఇక సోమవారం, అంటే అదే రోజు. పన్ను సంగతి. ‘రాత్రి హాయిగా నిద్రపట్టింది’ అని మీ మాటే. ఇంత సంతోషంగా, ఇంత నిద్రపోయి వచ్చిన మనిషికి అలసట వల్ల ప్రమాదం జరిగిందని నేను పైకి ఎలా రాయను? మీ అమ్మాయి సైకిలు తొక్కింది, నిజమేనా?”

 లేని కూతురు అధికారి బల్ల మీద నిలబడి ఉంది. అవునంటే పెద్దక్క పని అయిపోతుంది, కాదంటే గుమస్తా పని అయిపోతుంది.

“తొక్కింది సార్” అంది పెద్దక్క. గొంతు సవరించుకుని, “బాగా తొక్కుతుంది” అని కూడా కలిపింది.

ఆ కలిపిన మాట గుమస్తా తట్టుకోలేకపోయింది. నాలుగు రోజులుగా గుండెల్లో కొట్టుకుంటున్న భయం ఎటు పోయిందో, కుర్చీలోంచి లేచి నిలబడింది. 

“సార్, ఆ పాత ఫైలు మొదటి కాగితం ఒకసారి చదవండి.”

“ఎందుకు?”

“పిల్లలు అన్నచోట ఏముందో చూడండి.”

సూపర్‌వైజరు నువ్వు కూర్చో అన్నాడు. అధికారి అతని వైపు చెయ్యి చూపించి, పాత అట్ట తెరిచాడు. వేలితో ఒక్కొక్క గీతా దిగుతూ వచ్చి ఒకచోట ఆగాడు. ఇంకా ఏమైనా రాసి ఉంటుందేమో అన్నట్టు కాగితం వెనక్కి తిప్పి చూశాడు. మళ్ళీ ముందుకి తిప్పాడు. ముప్పై ఏళ్ళ కింద ఎవరో ఆఫీసు సిరాతో గుండ్రంగా రాసిన ‘లేరు’ అన్న మాట అక్కడే ఉంది.

“ఆ పిల్ల నా కూతురు సార్” అంది గుమస్తా. “సైకిలు తొక్కింది నా కూతురు. పన్ను ఊడింది నా కూతురికి. ఆ రంగు వేసింది మా ఆయన. వాన చూస్తూ తిన్న ముగ్గురం మేమే. రాత్రి హాయిగా నిద్రపట్టిందని చదివారే, ఆ నిద్ర కూడా నాదే సార్. ఆమెది కాదు. ఆమె పదహారు రోజులుగా నిద్రపోలేదు. రోజూ నాతో అదే చెప్పేది. నేను అది తప్ప అన్నీ రాశాను.”

“కావాలనే తప్పు నమోదు చేశావా?”

“ఆమె వేళ్ళు మీ పలకకి తెలియవు సార్. ఆమె చెప్పింది రాస్తే ఇంటికి పంపించేస్తారు, అయిదో మొహం లేకపోతే రెండో పూట రోలరు తిరగదు. అయిదు పడిందా అని రోజూ అడిగిన మనిషి ఇక్కడే ఉన్నాడు.”

సూపర్‌వైజరు తనకేం తెలియదన్నాడు. ఎవరూ అతన్ని ఇంకా ఏమీ అడగలేదు కూడా. అధికారి కాసేపు కణతలు రుద్దుకుని, జేబులోంచి తన ఫోను తీసి తెర వెలిగించి, బల్ల మీద పెద్దక్క ముందుకి జరిపాడు. పెద్దక్క ఎడమచేతి చూపుడు వేలు పెట్టింది. తెర కదల్లేదు. ఉంగరం వేలు పెట్టింది, బొటనవేలు పెట్టింది, చీరకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. కాసేపటికి ఫోను దానంతటదే ఆరిపోయింది. అధికారి దాన్ని వెనక్కి తీసుకుని, తెల్ల కాగితాల కట్టని బోర్లా పెట్టాడు.

తర్వాత మాటలు ఆఫీసు మాటలు. నలభై ఒకటో నంబరు నోట్సుని విచారణలోంచి తీసేస్తున్నాననీ, రెండు పూటల హాజరు పుస్తకం చూసి పని ప్రమాదంగానే పైకి రాస్తాననీ, ఈలోగా వైద్యం ఆగదనీ చెప్పాడు. సూపర్‌వైజరుని మధ్యాహ్నం మళ్ళీ రమ్మన్నాడు. గుమస్తా వైపు చూడకుండా, కాగితం మీద ఉన్న నియమం తను మార్చలేననీ, ఉత్తర్వు వచ్చేదాకా రేపటి నుంచి పనికి రావద్దనీ అన్నాడు. ఉత్తర్వులో ఏముంటుందో మూడో వాక్యం ఎప్పుడో చెప్పేసింది. ఆమె తల ఊపింది.

చక్రాల కుర్చీ వార్డుకి చేర్చే పని ఎవరికీ చెప్పలేదు, కాబట్టి ఆమే తోసింది. లిఫ్టు ముందు రద్దీగా ఉంటే వరండా చివర కిటికీ దగ్గర ఆపింది. రేపు పొద్దున్న ఆరింటికి లేచి ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు. చేతులు కుర్చీ పిడి మీద ఊరికే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. పెద్దక్క తిడుతుందని ఎదురుచూసింది. పెద్దక్క తిట్టలేదు, ఏడవలేదు. కిటికీలోంచి బయటికి చూసింది.

“ఇన్నాళ్ళూ నేను ఇంత సుఖంగా ఉన్నానా?” అంది.

గుమస్తాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మరి నీ పేరు మీద ఏం రాసుకున్నావు?”

“బాగుంది అని.”

“రోజూనా?”

“మధ్యలో బాగానే ఉంది అని.”

పెద్దక్క ఎడమచెయ్యి వెనక్కి చాపి, పిడి మీద ఉన్న ఆమె చేతిని తడిమి పట్టుకుంది. నున్నటి వేళ్ళు, వెచ్చగా ఉన్నాయి. లిఫ్టు వచ్చింది, జనం ఎక్కారు, తలుపులు మూసుకుని వెళ్ళిపోయింది.

“ఆయన సగం సగం చదివాడు. ఆ వాన సంగతి మొదటి నుంచీ చెప్పు” అంది పెద్దక్క.

గుమస్తా కుర్చీని కిటికీ వైపు తిప్పి, బ్రేకు వేసి, పక్కన నేల మీద కూర్చుంది. ఆ సాయంత్రం తలుపు ఎవరు తీశారో, ఎవరు ఎక్కడ కూర్చున్నారో, పిల్ల కంచం పట్టుకుని గడప దాకా ఎన్నిసార్లు జరిగిందో ఒకటొకటిగా చెప్పడం మొదలుపెట్టింది.